చలిదేశంలో చీరకట్టు – మేజోళ్ళ వెనుక విజ్ఞానం

తెలుగునాట సంక్రాంతి అంటే చలి తిరుగుముఖం పట్టే పండుగ. భోగిమంట చుట్టూ ముడుచుకుని కూర్చున్న పిల్లలు ప్రొద్దెక్కేసరికి శాలువలు విసిరి గాలిపటాల వెంట పరుగెత్తుతారు. ఉత్తర అమెరికాలో అదే పండుగ చలి బాగా ముదిరిన వేళ వస్తుంది. చికాగోలో జనవరి నెల సగటు ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీల ఫారన్‌హీట్. నీరు గడ్డకట్టే స్థాయికి అది 7 డిగ్రీలు దిగువ. మినియాపొలిస్, విన్నిపెగ్ నగరాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అటువంటి రోజున సంఘం వారు సంబరాలకు అద్దెకు తీసుకున్న పాఠశాల ముంగిట, కారు దిగిన చోటి నుండి సభామందిరం వరకు పట్టుచీరతో, చెప్పులతో నడిచే స్త్రీలు ఏటేటా కనబడుతూనే ఉంటారు. పైన మోకాళ్ళ దాకా కోటు ఉంటుంది, మెడకు మఫ్లరు ఉంటుంది, చేతులకు తొడుగులుంటాయి. కుచ్చెళ్ళ మాటున మాత్రం కాళ్ళకు ఏ ఆచ్ఛాదనా ఉండదు.

మేజోళ్ళు గౌన్లకే గాని చీరకు నప్పవన్న అభిప్రాయం ఇందుకు ఒక కారణం. టైట్స్ అన్న మాట వినగానే నర్తకీమణుల వేషమో, దొరసానుల వేషమో స్ఫురించడం మరొక కారణం. ఫలితంగా కొందరు వణకుతూ చీర కడతారు. మరికొందరు, ముఖ్యంగా ఈ దేశంలో పుట్టి పెరిగిన అమ్మాయిలు, నవంబరు మొదలు మార్చి వరకు చీరను బీరువాలోనే ఉంచేస్తారు. సంక్రాంతి, తరచుగా దీపావళి, ఉగాది కూడా ఈ అయిదు నెలల్లోనే వస్తాయి కనుక, చీర కట్టే సందర్భాలలో చాలా భాగం ఇలాగే చేజారిపోతున్నది. చలి చీరలోకి ఎలా ప్రవేశిస్తుందో, మేజోడు దానిని ఎలా అడ్డుకుంటుందో తెలిస్తే ఈ రెండు అవస్థలూ తప్పుతాయి.

చీర నడుము నుండి పైకి మంచి వస్త్రమే. కొంగు, రవిక, వాటిపై శాలువ కలిసి పొరలు పొరలుగా ఉంటాయి. నడుము నుండి కిందికి మాత్రం అది గంట ఆకారంలో ఉండి అడుగున పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. ఒంటి వేడికి లోపలి గాలి వెచ్చబడుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ కుచ్చెళ్ళు కొలిమితిత్తివలె ఆడి ఆ వెచ్చని గాలిని బయటికి నెట్టి చల్లని గాలిని లోనికి పీలుస్తాయి. కోస్తా జిల్లాల వేసవిలో చీర ఒంటికి హాయిగా ఉండడానికి కారణం ఇదే. వేసవిలో గుణమైనది శీతకాలంలో దోషమైనది. అంతకు మించి చీర చేసిన తప్పేమీ లేదు.

వెచ్చదనం బట్టలో ఉండదు, బట్ట పట్టి ఉంచే గాలిలో ఉంటుంది. కదలని గాలి అత్యుత్తమమైన ఉష్ణనిరోధకాలలో ఒకటి. నైలాను, ఉన్ని మొదలైన పోగులన్నీ గాలి కంటే అనేక రెట్లు ఎక్కువగా వేడిని తమ గుండా పోనిస్తాయి; నీరయితే గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా పోనిస్తుంది. కనుక మేజోడు చేయవలసిన పని రెండే: కాలి చుట్టూ కొంత గాలిని కదలకుండా పట్టి ఉంచడం, దానిని పొడిగా ఉంచడం. మరీ బిగుతైన మేజోడు చలి ఆపదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందువల్లనే. అది గాలిపొరను నలిపివేయడమే గాక రక్తప్రసారాన్ని కూడా మందగింపజేస్తుంది. ఒక సైజు చిన్నది కొంటే కాళ్ళు సన్నగా కనబడతాయన్న ఆశకు వెల చల్లని పాదాలు.

గాలి వీచినపుడు కాలి చుట్టూ ఉన్న ఆ పలుచని వెచ్చని పొర ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది. వాతావరణ వార్తలలో వినిపించే విండ్ చిల్ అన్న లెక్క దీని గురించినదే. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ పట్టిక ప్రకారం ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల ఫారన్‌హీట్ ఉండి, గాలి గంటకు 15 మైళ్ళ వేగంతో వీస్తే, ఆచ్ఛాదన లేని చర్మానికి అది సున్నాకు 19 డిగ్రీలు దిగువనున్న చలితో సమానం. ఆ స్థితిలో 30 నిమిషాలలో చర్మం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కారు నుండి సభామందిరానికి నడక అయిదు నిమిషాలే కావచ్చు. దారిలో కారు మొరాయించినా, తలుపు తీసేవారు రావడం ఆలస్యమైనా ఆ అయిదు నిమిషాలు అరగంట కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక మేజోళ్ళ సంగతి. చీర నేసినది, మేజోడు అల్లినది. పడుగు పేకలు బిగుతుగా కలిసిన నేతబట్ట సాగదు. అల్లికలో ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలో మరొకటి దూరి సాగుతుంది, సర్దుకుంటుంది, ఉచ్చుల నడుమ గాలిని నిలుపుతుంది. ఒక ఉచ్చు తెగితే దాని కిందిదీ, ఆ కిందిదీ వరుసగా విడిపోయి నిచ్చెనలాంటి గీత పడుతుంది. ఈ అల్లికకు ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే యంత్రం తయారుచేశాడు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికా స్త్రీల నాజూకు మేజోళ్ళు జపాను నుండి వచ్చే పట్టుతో తయారయ్యేవి. అంటే ధర్మవరం చీరకూ, న్యూయార్కు దొరసాని మేజోడుకూ ముడిసరుకు ఒక్కటే. ఆ పట్టుకు ప్రత్యామ్నాయాన్ని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కెరోథర్స్ బృందం 1935లో సాధించింది. అదే నైలాను. పట్టులోని మాంసకృత్తుల అణువులను కలిపే అమైడు బంధం వంటి బంధమే నైలానులోనూ ఉంటుంది. 1939 అక్టోబరు 24న విల్మింగ్టన్ పట్టణంలో నైలాను మేజోళ్ళను మొదటిసారి ప్రజలకు అమ్మారు. 1940 మే 15న దేశమంతటా అమ్మకానికి పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధంలో నైలాను పారాచూట్లకు తరలిపోవడంతో స్త్రీలు కాళ్ళకు రంగు పూసుకుని, పిక్క వెనుక కుట్టు ఉన్నట్లు పెన్సిలుతో గీత గీసుకున్న ఉదంతాలూ ఉన్నాయి. కెరోథర్స్ మాత్రం ఈ వైభవమేదీ చూడలేదు. ఆయన 1937లోనే కన్నుమూశాడు. 1958లో జోసెఫ్ షివర్స్ రూపొందించిన సాగుడు పోగు లైక్రా పేరుతో ప్రసిద్ధమైంది. అది రబ్బరువలె అనేక రెట్లు సాగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. నడుము వరకు ఉండే నేటి టైట్స్ మోకాలి వద్ద జారి ముడతలు పడకపోవడం దాని చలవే.

దుకాణంలో పెట్టె మీద కనబడే డెనియర్ అనే అంకె చాలామందికి అర్థం కాదు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్ల దారం. చేనేత చీరలు కొనే అలవాటున్నవారికి నూలు నంబరు తెలుసు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది అంత నంబరు. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నబడుతుంది. డెనియర్ పెరిగినకొద్దీ దారం లావెక్కుతుంది. రెండూ తూనికలే అయినా దిక్కులు వేరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో చేత్తో వడికే సన్ననూలు 100వ నంబరు అనుకుంటే, ఈ లెక్కలో అది సుమారు 53 డెనియర్లవుతుంది. 15 డెనియర్ల మేజోడులోని దారం ఆ పొందూరు నూలులో మూడవ వంతు బరువు కూడా ఉండదన్నమాట. అంత పలుచని అల్లిక గాలిని ఏ మేరకు నిలుపుతుందో ఊహించుకోవచ్చు. అది అందానికే గాని చలికి కాదు. 40 డెనియర్లు లేత చలికి చాలు. 80 మొదలు 100 వరకు ఉన్నవి గడ్డకట్టే చలిలో ఒక పొరగా పనికివస్తాయి. లోపల నూగు ఉన్న ఫ్లీసు రకాలు అన్నిటికంటె వెచ్చన; గాలిని పట్టేది ఆ నూగే.

అయితే అన్నిటికంటె మందమైనదే మేలని తేల్చడం తొందరపాటు. సభామందిరంలో వేడి 70 డిగ్రీలుంటుంది. మూడు వందల మంది జనం, వంటశాల ఆవిరి, పిల్లల నృత్యాలు. ఫ్లీసు తొడిగిన కాళ్ళకు అక్కడ చెమట పడుతుంది. రాత్రి పదింటికి ఆ చెమ్మతోనే బయటికి వస్తే, గాలి ఉండవలసిన చోట నీరు చేరినందున, ఏమీ తొడగని కాలికంటె గొప్పగా ఏమీ ఉండదు. రెండు పొరల పద్ధతి ఉత్తమం. ఒంటికి 50 లేక 60 డెనియర్ల టైట్స్, దానిపై పాదం లేని ఉన్ని లెగ్గింగ్స్. లోపలికి వెళ్ళగానే పైపొర విప్పి సంచిలో పెట్టుకోవచ్చు; చీర కుచ్చెళ్ళు చెదరవు. టైట్స్ నడుముపట్టీ పైనే లంగా బొందు కట్టుకుంటే పట్టీ జారదు, బొందు ఒరుసుకోదు. పత్తి మేజోళ్ళు చెమ్మను పీల్చి వదలవు కనుక బయటి చలికి తగవు. ఉన్ని తన బరువులో గణనీయమైన భాగం చెమ్మను పీల్చినా తడిగా తోచదు.

కుచ్చెళ్ళ అంచు గురించి ఒక మాట. దారిలో కరిగిన మంచు, దానిపై చల్లిన ఉప్పు కలిసి బురద అవుతుంది. చీరకు కుట్టిన ఫాల్ ఆ బురదను దీపపు వత్తి నూనెను పీల్చినట్లు పైకి లాగుతుంది. కాలికి తడి, జరీకి ఉప్పు రెండూ చేటే. కారు దిగేముందే కుచ్చెళ్ళను పిడికెడెత్తు పైకి దోపుకొని, పిక్కల వరకు బూట్లు తొడిగి, అందమైన చెప్పులను సంచిలో వేసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అలా దోపినపుడు కనబడే జానెడు కాలికి ముదురురంగు టైట్స్ ఉంటే చూడడానికీ ముచ్చటగానే ఉంటుంది.

రంగు ఎంపికలో కూడా విజ్ఞానం ఉంది. పలుచని మేజోడు తొడిగిన కాలిని ఎదురుగా చూసినపుడు చూపు ఉచ్చుల సందులగుండా చర్మం దాకా చేరుతుంది. కాలి అంచుల వద్ద చూపు ఏటవాలుగా సాగుతుంది గనుక సందులు మూసుకుపోయి దారమే కనబడుతుంది. నడుమ చర్మపు రంగు, అంచులలో దారపు రంగు. దారం చర్మంకంటె ముదురైతే అంచులు నీడవలె మసకబారి కాలు సన్నగా, తీరుగా తోస్తుంది. దారం చర్మంకంటె లేతదైతే అంచులు బూడిద పూసినట్లు పాలిపోతాయి. చర్మవర్ణమని పేరుపెట్టి దుకాణాలలో అమ్మే రకాలు చాలాకాలం తెల్లవారి చర్మానికి సరిపోయేటట్లే ఉండేవి. చామనఛాయవారు వాటిని తొడిగి మేజోళ్ళే తమకు నప్పవనుకున్నారు. లోపం కాళ్ళది కాదు, రంగుది. ఒంటి రంగుకంటె ఒక ఛాయ ముదురైన గోధుమరంగును పగటి వెలుతురులో ముంజేతి మీద పరచి చూసి ఎంచుకోవాలి. దుకాణంలోని ట్యూబులైట్ల కింద రంగు నిజం చెప్పదు.

దట్టమైన రకాలకు ఈ చిక్కు లేదు. చీర కింద చీలమండ మాత్రమే కనబడుతుంది కనుక చీర అంచు రంగుకో, చెప్పుల రంగుకో కలిస్తే చాలు. ముదురు ఎరుపు అంచుకు వంగపండు రంగు, పచ్చ అంచుకు సీసాపచ్చ, మిగిలినవాటన్నిటికీ నలుపు. నిగనిగలాడే రకాలు వెలుగును తిప్పికొట్టి పిక్కలను లావుగా చూపుతాయి. మెరుపు లేనివే హుందాగా ఉంటాయి. జరీచీర కింద తళుకుల మేజోళ్ళు అనవసరం. పట్టు వద్ద ఆ పని ముందే పూర్తయింది. ఉద్యోగానికి గౌను, స్కర్టు ధరించేవారు టైట్స్‌నూ బూట్లనూ ఒకే రంగులో ఎంచుకుంటే కాలు పొడవుగా కనబడుతుంది. మందపు ఉన్ని స్కర్టుకు 15 డెనియర్ల పలుచదనం పొసగదు. లంగా ఓణీ కట్టే ఆడపిల్లలకు ఓణీ రంగు టైట్స్ చక్కగా ఒప్పుతాయి. వారు తల్లులంతగా సంకోచించరు కూడా.

చీర కాళ్ళకు అంటుకుపోవడం శీతకాలపు మరొక ఫిర్యాదు. బయట 10 డిగ్రీల సెల్సియస్ మైనస్‌లో గాలి ఎంత నిండుగా తేమ మోసినా ఘనమీటరుకు రెండు గ్రాముల పైచిలుకు మాత్రమే. అదే గాలిని ఇంట్లో 21 డిగ్రీలకు వేడిచేస్తే దానికి 18 గ్రాములు మోయగల శక్తి వస్తుంది. మోసేది మాత్రం ఆ రెండే. అంటే సాపేక్ష ఆర్ద్రత 12 శాతం ప్రాంతానికి పడిపోతుంది. అంత పొడిగాలిలో రాపిడివల్ల పుట్టిన విద్యుదావేశం జారిపోయే దారి ఉండదు. నైలాను రాపిడిలో ధనావేశాన్ని, పాలియెస్టరు ఋణావేశాన్ని పొందుతాయి. కనుక నైలాను టైట్స్ మీద పాలియెస్టరు లంగా అంటే అంటుకోవడానికి అన్నిటికంటె అనుకూలమైన జత. మధ్యస్థంగా ఉండే నూలు లంగా ఈ విషయంలో మేలు. కాళ్ళకు లేపనం రాసి, అది ఇంకాక టైట్స్ తొడిగితే చర్మపు తేమ ఆవేశాన్ని కొంత జారవిడుస్తుంది. కొబ్బరినూనె రాసినవారు మాత్రం ఓపిక పట్టాలి, పట్టుచీరకు నూనెమరక పోదు. ఇనుప హ్యాంగరును లంగా లోపలి వైపు ఒకసారి పైనుండి కిందికి దువ్వడం అప్పటికప్పుడు పనిచేసే ఉపాయం.

మెట్టెలు, పట్టీల ప్రసక్తి లేకుండా తెలుగు స్త్రీల మేజోళ్ళ గురించి చెప్పడం అసంపూర్ణం. మెట్టె కొసలు టైట్స్‌కు తగిలి గీత పడడం సర్వసాధారణం. వేళ్ళ వద్ద అల్లిక దట్టంగా ఉన్న రకాన్ని కొని, ముందు పలుచని చిన్న సాక్సు తొడిగి దానిపై టైట్స్ తొడగడం ఒక మార్గం. పాదం లేని టైట్స్ తొడిగి, బొటనవేలు విడిగా ఉండే జపాను తరహా ఉన్ని సాక్సు వేసుకోవడం మరొకటి. పట్టీలు సంచిలో ఉంచుకొని మందిరం లోపల టైట్స్ పైన పెట్టుకుంటే కొక్కెం తగలదు, బూటు కింద నలగదు. వెండి వేడిని అత్యంత సులభంగా పోనిచ్చే లోహం గనుక మెట్టెవల్ల వేలు గడ్డకడుతుందని కొందరు భయపెడతారు; అది అతిశయోక్తి. అంత చిన్న తునక హరించగల వేడి స్వల్పం. అసలు జాగ్రత్త వేరొక చోట ఉంది. చలి సోకిన వేలు వెచ్చబడేటప్పుడు వాచిపోతుంది, వాచిన వేలికి మెట్టె బిగుసుకుంటుంది. వేలు తిమ్మిరెక్కి, పాలిపోయి మైనంలా తోస్తే వాపు రాకముందే మెట్టె తీసివేయాలి. వేలిని రుద్దకూడదు, హీటరు దగ్గర పెట్టకూడదు. ఒంటివేడికి కొద్దిగా మించిన గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యుని సంప్రదించాలి. చామనఛాయ చర్మంపై ఎరుపు త్వరగా కనబడదు కనుక రంగుకంటె స్పర్శనే ముందుగా గమనించాలి.

స్వదేశం నుండి శీతకాలంలో వచ్చే తల్లిదండ్రుల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారిలో పాదాల స్పర్శ మందగిస్తుంది. చలి సోకినా, పుండు పడినా వారికి తెలియదు. వారి మేజోళ్ళకు పైన గట్టి ఎలాస్టిక్ పట్టీ ఉండకూడదు, లోపల ముతక కుట్టు ఉండకూడదు. ప్రతి రాత్రీ మేజోళ్ళు విప్పాక పాదాలను వెలుతురులో చూడాలి. ఆలయానికి వెళ్ళినపుడు మరొక గండం ఉంది. బూట్లు విడిచే చోట కరిగిన మంచునీరు నిలుస్తుంది. అందులో మేజోళ్ళతో అడుగు వేస్తే దర్శనమయ్యేంతసేపూ తడిపాదాలే. తరువాత నున్నని రాతినేలపై నైలాను జారుతుంది, పెద్దవారు తూలి పడతారు. అడుగున రబ్బరు చుక్కలున్న పొడి సాక్సుల జత ఒకటి చేతిసంచిలో ఉంటే గడప దాటాక పైన తొడిగించవచ్చు.

పసిపిల్లలకు లంగా కింద ఉన్ని టైట్స్ మరొక విధంగా కూడా మేలు. ఉబ్బెత్తు కోటు తొడిగి కారు సీటులో బంధిస్తే పట్టీలు వదులుగా మిగిలిపోతాయి. పలుచని పొరలు తొడిగి, పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పడం క్షేమం.

లైక్రా ఉన్న మేజోళ్ళకు వేడి పడదు. డ్రయరులో వేస్తే సాగుడు పోయి మోకాళ్ళ వద్ద సంచులు కడతాయి. చన్నీళ్ళలో తేలిక సబ్బుతో చేత్తో జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, ఇంట్లోనే దండెం మీద ఆరవేయాలి. ఆ పొడిగాలిలో రాత్రికి రాత్రే ఆరిపోతాయి. తొడిగేటప్పుడు వ్రేలి ఉంగరాలు తీసి, కాలు మడమ దాకా ముడిచి పట్టుకొని మెల్లగా పైకి లాగాలి. ఎంత జాగ్రత్తపడినా ఒకనాడు గీత పడక మానదు. గీత కొసను రంగులేని గోళ్ళరంగు చుక్కతో అంటిస్తే ఆ సాయంత్రానికి అక్కడితో ఆగుతుంది. పైన కుచ్చెళ్ళు ఎలాగూ ఉన్నాయి.